బండి వచ్చింది, బడి రాలేదు: నెల్లికుదురు ప్రాంతంలో మోటారు సైకిలు విద్య

మహబూబాబాద్ జిల్లాలోని నెల్లికుదురు వంటి గ్రామీణ మండలంలో మోటారు సైకిలు చరిత్రను రాయబోతే వాహనానికి, రోడ్డుకు, చట్టానికి తేదీలు దొరుకుతాయి గాని, వాహనం నడపడం నేర్పిన పద్ధతికి మాత్రం తేదీ దొరకదు. ఆ విద్య ఏ సంస్థలోనూ పుట్టలేదు. అన్న తమ్ముడికి, బావ బామ్మర్దికి, స్నేహితుడు స్నేహితుడికి కల్లంలోనో, బడి మైదానంలోనో, ఎండాకాలం ఎండిపోయిన చెరువు శిఖంలోనో ఒకటి రెండు సాయంత్రాల్లో అప్పజెప్పిన విద్య అది. బండిని పడకుండా నిలబెట్టడం, గేరు మార్చడం, ఆపడం అనే మూడు పనులతో ఆ పాఠం ముగిసేది. ఆ తరువాతి మెట్టును ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నత శిక్షణ అంటారు. అంటే లైసెన్సు చేతికి వచ్చిన మనిషికే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడం, ఉన్నపళంగా ఆగడం, మలుపులో బండిని అదుపులో ఉంచుకోవడం వంటివి పద్ధతి ప్రకారం నేర్పే రెండో దశ. ఈ ప్రాంతంలో మొదటి దశే బడిగా రూపుదిద్దుకోలేదు కనుక రెండో దశ గురించిన ఆలోచనకు పునాది పడలేదు. ఎందుకు పడలేదన్న ప్రశ్నకు జవాబు బండ్ల చరిత్రలోనే ఉంది.

మానుకోట అని జనం ఇప్పటికీ పిలుచుకునే మహబూబాబాద్ మీదుగా నిజాం రైలు మార్గం 1889 నాటికి బెజవాడ వరకు చేరింది. మోటారు వాహనం మాత్రం పల్లెలకు చాలా ఆలస్యంగా, అదీ బస్సు రూపంలోనే పరిచయమైంది. నిజాం ప్రభుత్వం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రైల్వే శాఖకు అనుబంధంగా రోడ్డు రవాణాను ప్రారంభించింది. ఇదే తరువాతి కాలంలో 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు మూలం. బస్సు డ్రైవరు ఆది నుంచీ ఒక శాఖకు ఉద్యోగి, అతని పనితీరును చూసే అధికారి ఉండేవాడు, తప్పు చేస్తే సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చేది. మోటారు సైకిలుకు అటువంటి యజమాని లేడు. దొర గడీకో, అధికారి బంగళాకో వచ్చిన తొలి బండ్లు పూర్తిగా సొంత ఆస్తులు, వాటిని నడపడం నేర్చుకోవడం కూడా సొంత వ్యవహారమే. వృత్తిగా నడిపేవాడికి శిక్షణ, సొంతానికి నడిపేవాడికి స్వేచ్ఛ అనే ఈ విభజన అప్పుడు మొదలై నేటికీ చెరగలేదు.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఇతర చోట్ల మోటారు సైకిలు విద్య సంస్థాగతం కావడం గమనించదగిన విషయం. బ్రిటన్‌లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1930ల మధ్యలో హెండన్‌లో డ్రైవింగు పాఠశాల నెలకొల్పారు. 1937 ప్రాంతంలో రేసు కార్లు నడిపిన కాటెన్‌హామ్ ప్రభువు సలహాతో అక్కడి బోధన ఒక క్రమానికి వచ్చింది. రోడ్డు ఇచ్చే సమాచారాన్ని ముందుగా గ్రహించడం, దానికి తగిన స్థానంలోకి జరగడం, వేగం సరిచేసుకోవడం, తగిన గేరు ఎంచుకోవడం, ఆ తరువాతే వేగం పెంచడం అన్న వరుసను ప్రతి మలుపుకూ, ప్రతి కూడలికీ తప్పకుండా పాటించడమే ఆ పద్ధతి సారం. దీన్ని 1955లో 'రోడ్‌క్రాఫ్ట్' అన్న పేరుతో పుస్తకంగా అచ్చువేసి సాధారణ పౌరులకు కూడా అందుబాటులోకి తెచ్చారు, మరుసటి ఏడాది 1956లో ఉన్నత స్థాయి చోదకుల సంస్థ ఒకటి ఏర్పడింది. భారతదేశంలో ఇటువంటి క్రమశిక్షణ సైన్యంలో కనిపిస్తుంది. వార్తలు మోసుకుపోయే డెస్పాచ్ రైడర్లు, అంటే మోటారు సైకిలు మీద తిరిగే సైనిక వార్తాహరులు సిగ్నల్స్ దళంలో ఉండేవారు. ఆ దళానికే చెందిన 'డేర్ డెవిల్స్' విన్యాస బృందం 1935లో ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యంలోని ఇటువంటి వార్తాహరుల తల గాయాలను పరిశీలించిన హ్యూ కెయిర్న్స్ అనే నాడీ శస్త్రవైద్యుడు 1941లో ప్రచురించిన వ్యాసమే హెల్మెట్ ప్రయోజనానికి తొలి శాస్త్రీయ ఆధారాల్లో ఒకటిగా నిలిచింది. ఈ జ్ఞానమంతా ఖాకీ దుస్తుల ఆవరణ దాటి బయటికి రాలేదన్నదే ఇక్కడి కథలో కీలకం. బ్రిటన్‌లో పోలీసు పాఠం పుస్తకమై పౌరుడి చేతికి వచ్చింది, భారతదేశంలో సైన్యం నైపుణ్యం గణతంత్ర దినోత్సవ కవాతులో చప్పట్లు అందుకోవడం దగ్గరే ఆగిపోయింది.

స్వాతంత్ర్యం తరువాత దేశంలో బండ్ల తయారీ మొదలైంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, 1961లో మైసూరులో జావా, 1960ల తొలినాళ్లలో రాజ్‌దూత్, 1972లో బజాజ్ చేతక్ వరుసగా వచ్చాయి. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థ 'పుష్పక్' స్కూటర్లను తయారుచేసిన సంగతి నేటి తరానికి అంతగా గుర్తులేదు. పర్మిట్ల కాలంలో స్కూటరు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి రావడంతో పాత వరంగల్ జిల్లా పల్లెల్లో బండి అంటే పంతులుదో, గ్రామసేవకుడిదో, పాల వ్యాపారిదో, పట్టణం నుంచి వచ్చిపోయే ఆరెంపీ డాక్టరుదో అయి ఉండేది. ఊరికి ఒకటో రెండో ఉన్న ఆ బండ్లలో ఒక్కొక్కటి ఒక్కో తీరు. బుల్లెట్‌కు గేరు కుడి కాలి కింద, బ్రేకు ఎడమ కాలి కింద ఉండేవి. తరువాత వచ్చిన జపాన్ తరహా బండ్లలో ఇది పూర్తిగా తారుమారైంది. చేతక్‌కు గేరు ఎడమ చేతిలో, ఇంజను కుడివైపు పక్కకు ఉండడం వల్ల బరువు ఒకవైపే వాలేది, చక్రాలు చిన్నవి కనుక గుంతలో పడితే హ్యాండిలు చేతిలో నిలిచేది కాదు. చల్లటి ఉదయాన దాన్ని ఒక పక్కకు వంచి, తరువాత కిక్ కొట్టడం ఆ తరంవారికి తెలియని విద్య కాదు. దీని ఫలితంగా ఒకరు నేర్చుకున్న నైపుణ్యం ఒక బండికి కట్టుబడిన నైపుణ్యమే అయింది. బుల్లెట్ మీద చేయి తిరిగినవాడు హీరో హోండా ఎక్కితే కంగారులో అతని కాలు బ్రేకు కోసం తప్పు దిక్కుకే పోయేది. ఏ బండికైనా వర్తించే సూత్రాలు నేర్పడమే శిక్షణ అనుకుంటే, ఆ రోజుల్లో నేర్చుకున్నది సూత్రం కాదు, అలవాటు.

పల్లెకు నిజమైన మార్పు తెచ్చినవి మోపెడ్లు. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాయి. క్లచ్ లేదు, గేరు లేదు, సైకిలు తొక్కడం వస్తే చాలు అన్నట్టుండేవి. 1988 మోటారు వాహన చట్టం 50 సీసీ లోపు బండికి 16 ఏళ్లకే అనుమతి ఇవ్వడంతో హైస్కూలు దాటిన పిల్లవాడికి తొలి బండి మోపెడే అయింది. ఎరువు బస్తా, గడ్డి మోపు, పాల డబ్బాలు, ముగ్గురు మనుషులు ఏకకాలంలో మోయగల ఈ బండికి, దాని వారసుడు ఎక్సెల్‌కు, మానుకోట ప్రాంత రైతు జీవితంలో ఉన్న స్థానం ఏ ఖరీదైన బైకుకూ లేదు. కాని చరిత్రకారుడి దృష్టితో చూస్తే ఇదొక మలుపు: యంత్రం ఎంత సులువైతే నేర్పేవాడి అవసరం అంత తగ్గిందన్న భావన అప్పుడే స్థిరపడింది.

1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, అదే ఏడాది వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఈ భావనను మరింత బలపరిచాయి. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది తప్ప, ఎన్ని మీటర్లలో ఆగుతుంది అన్నది షోరూంలో ఎవరూ అడిగిన ప్రశ్న కాదు. 1990ల నుంచి ఫైనాన్సు కంపెనీలు వాయిదాలకు బండి ఇవ్వడం, పెళ్లిలో కట్నంతో పాటు బండి పెట్టడం రివాజు కావడం వల్ల నడపడం రాని చేతికి బండి ముందుగా రావడం సాధారణమైంది. కట్నపు బండి మీద నేర్చుకున్న వరుళ్ల సంఖ్య ఏ రవాణా శాఖ లెక్కల్లోనూ దొరకదు గాని తక్కువై ఉండదు. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఊళ్లకు తారు రోడ్లు తెచ్చింది. అంతవరకు మట్టి బాట తనంతట తానే విధించిన వేగ పరిమితి అలా ఒక్కసారిగా తొలగిపోయింది.

ఇక చట్టం సంగతి. హైదరాబాద్ సంస్థానం యూనియన్‌లో కలిసిన తరువాత ఈ ప్రాంతం 1939 నాటి మోటారు వాహన చట్టం కిందికి వచ్చింది; దాని స్థానంలో 1988 చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. జనం మోటారు వాహన ఇన్‌స్పెక్టరును 'బ్రేక్ ఇన్‌స్పెక్టరు' అని పిలవడంలో ఒక చమత్కారం ఉంది, ఎందుకంటే ఆయన పెట్టే పరీక్షలో అభ్యర్థి బ్రేకు వేసే తీరుకు దక్కిన ప్రాధాన్యం అతి స్వల్పం. 1989 కేంద్ర నియమాలు పరీక్షలో అత్యవసరంగా ఆపడం, మలుపులు సరిగా తిరగడం, అద్దాలు వాడడం, సంకేతాలు ఇవ్వడం అన్నిటినీ పేర్కొన్నాయి. ఆచరణలో అది 'ఎనిమిది' కొట్టడంగా, అంటే నేల మీద గీసిన ఎనిమిది అంకె ఆకారపు బాటలో కాలు కింద పెట్టకుండా తిరిగి రావడంగా కుదించుకుపోయింది. ఎనిమిది కొట్టడం తీసిపారేయదగిన పని కాదు. నెమ్మదిగా పోయే బండిని క్లచ్‌తో, చూపుతో నిలబెట్టడం అందులో తెలుస్తుంది. అయితే మనిషి ప్రాణం పోయేది గంటకు 10 కిలోమీటర్ల వేగంలో కాదు, 60 కిలోమీటర్ల వేగంలో. ఆ వేగంలో అతనికి ఏం తెలుసో రాజ్యం ఎన్నడూ పరీక్షించలేదు. ఏపీ 36 కోడ్‌తో వరంగల్ లెక్కలో నమోదయ్యే కొత్త బండ్లు 2014 తరువాత టీఎస్ 03గా, 2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 26గా, 2024 నుంచి టీజీగా పలకలు మార్చుకున్నాయి. పరీక్ష మాత్రం ఎనిమిది దగ్గరే ఉంది.

చట్టం చొరవ చూపిన ఒకే ఒక రంగం హెల్మెట్, అందులో ఆంధ్రప్రదేశ్‌కు జాతీయ చరిత్రలో స్థానముంది. 1964 ఆంధ్రప్రదేశ్ మోటారు వాహన నియమాల్లో చేర్చిన 498-ఎ నియమం ద్విచక్ర వాహన చోదకుడికి హెల్మెట్ తప్పనిసరి చేసినప్పుడు, అది పౌరుడి సంచార స్వేచ్ఛకు భంగమన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, హెల్మెట్ చోదకుడి క్షేమం కోసమేనని, దానివల్ల తిరిగే హక్కుకు లోటు రాదని తీర్పు చెప్పింది. ఈ తీర్పు వచ్చి మూడున్నర దశాబ్దాలు దాటింది. అమలు నగరాల్లో ముమ్మరమై తగ్గుతూ, తగ్గి మళ్లీ ముమ్మరమవుతూ సాగింది, పల్లె దారుల్లో హెల్మెట్ చాలాకాలం పెట్రోలు ట్యాంకు మీదనో, మోచేతికి వేలాడుతూనో ప్రయాణించింది. తలను కాపాడే వస్తువు గురించి ఇంత చర్చ జరిగిన సమాజంలో, ఆ తల నేలకు తగలకుండా చూసే నైపుణ్యం గురించి చర్చే రాకపోవడం విచిత్రం.

ఆ నైపుణ్యంలో మొదటిది బ్రేకు. అమెరికాలో హ్యారీ హర్ట్ నాయకత్వంలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను స్థలంలోనే పరిశీలించి 1981లో వెలువరించిన నివేదిక ఈ విషయంలో నేటికీ ప్రామాణికం. ప్రమాదాల్లో చిక్కుకున్నవారిలో 92 శాతం మంది సొంతంగానో, బంధుమిత్రుల దగ్గరో నేర్చుకున్నవారేనని, ఆపద క్షణంలో వారు వెనక బ్రేకును అతిగా తొక్కి చక్రాన్ని జార్చారని, ముందు బ్రేకును సరిగా వాడుకోలేకపోయారని ఆ నివేదిక తేల్చింది. నెల్లికుదురులో ఎవరూ ఆ నివేదిక చదివి ఉండకపోవచ్చు, కాని అందులోని మనిషి ఇక్కడి మనిషే. 'ముందు బ్రేకు కొడితే పల్టీ కొడతవు' అన్నది తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా చెప్పుకొచ్చిన మాట; సైకిలు మీద, కంకర బాట మీద అందులో కొంత నిజముంది, తారు రోడ్డు మీద మాత్రం అది ప్రాణాంతకమైన సలహా. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, నేలను గట్టిగా పట్టే శక్తి అప్పుడు ఆ చక్రానికే ఉంటుంది. అందువల్ల ముందు బ్రేకును ఒక్క ఉదుటున గుంజకుండా, బరువు ముందుకు చేరేకొద్దీ ఒత్తిడి పెంచుతూ నొక్కడమే ఉన్నత శిక్షణలో తొలి పాఠం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆపదను చూసి స్పందించడానికి ఒక సెకను పడితే ఆ సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది, బాగా బ్రేకు వేసినా మరో 10 మీటర్లు కావాలి. 60 కిలోమీటర్ల వేగంలో ఈ రెండూ కలిపి దాదాపు 40 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దూరం దాదాపు రెట్టింపవుతుందన్న ఈ లెక్క ఏ బడిలోనూ బండి పాఠంగా చెప్పలేదు. 2018 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన కొత్త మోడళ్లకు చక్రం జారకుండా కాపాడే ఏబీఎస్‌ను, అంతకన్న చిన్న బండ్లకు రెండు బ్రేకులను జతచేసే ఏర్పాటును ప్రభుత్వం తప్పనిసరి చేసింది. పల్లెలో ఎక్కువగా నడిచేది చిన్న బండ్లే కనుక, యంత్రం చేయలేని మిగతా పని ఇంకా చేతి మీదనే ఉంది.

రెండోది చూపు, దానితో ముడిపడిన మలుపు. వేగంగా పోయే బండి ఎడమకు తిరగాలంటే ఎడమ చేతి పిడిని ముందుకు నెట్టాలన్నది వినడానికి తలకిందుల మాటగా తోస్తుంది. కౌంటర్ స్టీరింగ్ అనే ఈ సూత్రాన్ని, విమానం కనిపెట్టిన రైట్ సోదరుల్లో ఒకరైన విల్బర్ సైకిలు విషయంలోనే గుర్తించాడు. బండి నడిపేవారంతా తెలియకుండానే ఈ పని చేస్తారు గాని, భయపడిన క్షణంలో తెలియని పని చేయి చేయదు. పైగా కన్ను ఎటు అతుక్కుంటే బండి అటే పోతుంది కనుక, అడ్డంకిని కాక తప్పించుకునే దారిని చూడడం సాధనతోనే అలవడుతుంది. నెల్లికుదురు, కేసముద్రం, తొర్రూరు మధ్య దారుల్లో ఈ సాధనకు విదేశీ పుస్తకాలు ఊహించని అవసరాలున్నాయి. వానాకాలం, యాసంగి కోతలప్పుడు తారు రోడ్డు సగం మీద వడ్లు, మక్కలు ఆరబోసి, వాటి అంచున రాళ్లు పెడతారు. రాత్రి ఆ రాయి కనిపించదు, గింజల మీద చక్రం నిలవదు. పొలం నుంచి ఎక్కిన ట్రాక్టరు చక్రాలు రోడ్డు మీద వదిలిన తడి మట్టి, వెనక దీపం లేని ట్రాలీ, చెరువు కట్ట మీది గుడ్డి మలుపు, మత్తడి దూకినప్పుడు కింది దారి మీదుగా పారే నీరు, వీటిలో ఏ ఒక్కటీ ఎనిమిది బాటలో ఉండదు. 2024 సెప్టెంబరు ఆరంభంలో ఆకేరు వాగు ఉప్పొంగి, కేసముద్రం దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయినప్పుడు, పారే నీటి లోతును కంటితో అంచనా వేయడం ఎంత మోసకరమో జిల్లా అంతా చూసింది. ఉన్నత శిక్షణ అన్న మాటకు ఇక్కడి అర్థం ఇదే: ఏ దారిలో ఎక్కడ వేగం తగ్గించాలో, ఏ నీటి ముందు బండి ఆపి వెనుదిరగాలో తెలియడం.

రాష్ట్రంలో శిక్షణ సంస్థలు లేకపోలేదు, అవి ఉన్నవి వేరే వారికోసం. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో ఏర్పడిన డ్రైవింగు శిక్షణ సంస్థ ప్రధానంగా భారీ వాహనాలది. హైదరాబాద్ గోషామహల్‌లోని ట్రాఫిక్ శిక్షణ కేంద్రానికి ఎక్కువమంది వెళ్లేది నిబంధన ఉల్లంఘించి పట్టుబడిన తరువాతే. 2021 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాలు ప్రధానంగా కార్లు, భారీ వాహనాల చుట్టూ అల్లుకున్నవి. పేరున్న కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ 2010 నుంచి చెన్నై దగ్గరి రేసు ట్రాక్ మీద పాఠాలు చెబుతోంది, వాటి రుసుము ఎక్సెల్ నడిపే రైతుకు అందేది కాదు. వీటన్నిటి కంటె విలువైన ప్రయోగం స్త్రీల వైపు నుంచి వచ్చింది. 2018లో తెలుగు నేల నుంచి జై భారతి మరి ముగ్గురు మహిళలతో కలిసి ఆరు దేశాల మీదుగా దాదాపు 17,000 కిలోమీటర్లు మోటారు సైకిళ్ల మీద ప్రయాణించారు. ఆ తరువాత ఆమె హైదరాబాద్‌లో స్థాపించిన 'మోవో' సంస్థ పేద, మధ్యతరగతి మహిళలకు ద్విచక్ర వాహనం నడపడం క్రమపద్ధతిలో నేర్పుతోంది. ఇంట్లో అన్నదమ్ములు బండి ముట్టుకోనివ్వని ఆడవారికి సంస్థ అవసరమైంది కనుక, మగవారికి దొరకని పద్ధతి ప్రకారపు బోధన వారికి ముందుగా దొరికింది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది. నెల్లికుదురుకు రేసు ట్రాక్ అవసరం లేదు. సీజను లేనప్పుడు ఖాళీగా ఉండే కేసముద్రం వంటి మార్కెట్ యార్డు సిమెంటు నేల, కొన్ని సున్నపు గీతలు, కొంచెం ఇసుక, ముందు బ్రేకు వాడకం తెలిసిన ఒక పోలీసు రైడరో, సైన్యం నుంచి పదవీ విరమణ చేసిన సిగ్నల్స్ జవానో ఉంటే మొదటి తరగతి మొదలవుతుంది. జిల్లా రవాణా శాఖ, పోలీసు శాఖ, మార్కెట్ కమిటీ కలిసి యాసంగి కోతలకు ముందే ఆ తరగతిని ఏర్పాటు చేయాలి, లైసెన్సు పరీక్షలో ఎనిమిదితో పాటు 40 కిలోమీటర్ల వేగం నుంచి ఆగి చూపించే పరీక్షను నియమంలో ఉన్నట్టే నేల మీద కూడా పెట్టాలి.